కారు బీప్ కొట్టినా కాలు ఎందుకు లేవదు? రోడ్డు పనుల దగ్గర అలర్ట్‌ల అసలు సంగతి

మంగళగిరి నుంచి విజయవాడ వైపు రాత్రిపూట హైవే మీద వచ్చేవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. రోడ్డు ఖాళీ, బండి 90 మీద పోతోంది, లోపల ఏసీ, పాటలు, ఉన్నట్టుండి ముందు లారీ బ్రేక్ లైట్లు ఎర్రగా వెలుగుతాయి, చూస్తే కుడి లేన్ మొత్తం తవ్వేసి ఉంటుంది, అడ్డంగా నాలుగు ఇసుక బస్తాలు, ఒక డ్రమ్ము, దాని మీద దుమ్ము పట్టిన రేడియం స్టిక్కర్. పోయిన నెల నేనూ మా బావా గుంటూరులో పెళ్లి చూసుకుని వస్తుంటే ఇదే జరిగింది. బండి బావే నడుపుతున్నాడు. కారు అప్పటికే రెండు మూడు సార్లు బీప్ కొట్టింది, "అది ఎప్పుడూ కొడుతూనే ఉంటదిలేరా" అని పాట వాల్యూమ్ పెంచాడు. ఫోన్‌లో మ్యాప్ అయితే ఒక్క ముక్క చెప్పలేదు. డ్రమ్ము పక్కన ఎర్ర గుడ్డ ఊపుతూ ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, కాళ్లకి హవాయి చెప్పులు. మేం ఆగినప్పుడు అతనికీ మా బంపర్‌కీ మధ్య పట్టుమని రెండు గజాలు లేదు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. కారు అరిచింది, మ్యాప్ నడుస్తూనే ఉంది, బోర్డు కూడా ఎక్కడో పెట్టే ఉంటారు, ఇన్ని ఉండి కూడా బండి స్పీడు తగ్గలేదేంటి అని. అప్పట్నుంచి దొరికినదల్లా చదివాను, అర్థమైన దాన్ని ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ బీప్ సంగతి చూద్దాం. 2019 జులై 1 తర్వాత మన దేశంలో తయారైన ప్రతి కారులో స్పీడ్ అలర్ట్ తప్పనిసరి చేశారు, సీట్ బెల్ట్ రిమైండర్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సర్లతో పాటే. 80 దాటితే నిమిషానికోసారి కొడుతుంది, 120 దాటితే ఆపకుండా కొడుతుంది. ఇక్కడ చిక్కేంటంటే ఆ కారుకి తను ఎక్కడ ఉందో తెలియదు. చినకాకాని దగ్గరున్నా ఒకటే, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీదున్నా ఒకటే, ముందు కంకర గుట్ట ఉన్నా ఒకటే. పైగా 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకి గరిష్ఠ వేగం 100, అంటే 90లో పోయేవాడు చాలా చోట్ల రూల్ ప్రకారమే పోతున్నాడు, అయినా బీప్ కొడుతూనే ఉంది. తప్పు చేయనప్పుడు కూడా అరిచే గంటని ఎన్నాళ్లు వింటాం? అదే కారు, తవ్వేసిన రోడ్డు దగ్గర 40లో పోవాల్సిన చోట 75లో పోతుంటే మాత్రం కిక్కురుమనదు, ఎందుకంటే 75 దాని లెక్కలో మంచి స్పీడే. కావాల్సిన చోట నోరు తెరవదు, అక్కర్లేని చోట అరుస్తుంది. బావని తిట్టుకున్నాను గానీ ఆ బీప్‌ని పట్టించుకోకుండా ఉండటం అతనికి ఆ బీపే నేర్పింది.

యూరప్‌లో దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. 2024 జులై నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారుకీ ఆ రోడ్డు మీద లిమిట్ ఎంతో తెలిసి ఉండాలి, కెమెరాతో బోర్డు చదివో మ్యాప్ చూసో తెలుసుకుని, దాటితే శబ్దం చేయడమో, యాక్సిలరేటర్ పెడల్‌ని కాలి కింద కొంచెం బిగించడమో, వైబ్రేట్ చేయడమో, మెల్లగా స్పీడు తగ్గించడమో చేయాలి. డ్రైవర్ కావాలంటే గట్టిగా తొక్కి దాటొచ్చు, ఆఫ్ కూడా చేసుకోవచ్చు, కానీ బండి మళ్లీ స్టార్ట్ చేస్తే అది మళ్లీ ఆన్‌లోనే ఉంటుంది. ఆలోచన మంచిదే. కానీ రోడ్డు పనుల దగ్గర దీనికీ కష్టమే, ఎందుకంటే అక్కడ పెట్టేది తాత్కాలిక బోర్డు, పొద్దున పెట్టి రాత్రికి తీసేసేది, లేదా తీయడం మర్చిపోయేది. మన దగ్గరైతే ఆ బోర్డు సగం మట్టి కొట్టుకుని, ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది, మనిషి కన్నే చదవలేని దాన్ని కెమెరా ఏం చదువుతుంది.

అసలు అలర్ట్ ఎంత దూరం ముందు రావాలి? దీనికి చిన్న లెక్క ఉంది, కాస్త ఓపిక పట్టండి, మొత్తం విషయం దీని మీదే నిలబడింది. 100లో పోయే కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. డ్రైవర్‌కి విషయం కనపడి, అర్థమై, కాలు బ్రేక్ మీదకి వచ్చేసరికి 2.5 సెకన్లు పడుతుందని రోడ్ల ప్రమాణాలు రాసే మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క, అంటే కాలు కదిలేలోపే 70 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత పడుకున్న పిల్లాడు లేవకుండా, వెనకున్న లారీకి కంగారు పుట్టించకుండా నెమ్మదిగా 40కి రావాలంటే ఇంకో 210, 220 మీటర్లు కావాలి. మొత్తం కలిపితే 300 మీటర్లకి కాస్త అటూ ఇటూ. సరే, అయితే 300 మీటర్ల ముందు అలర్ట్ ఇస్తే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. ఎందుకంటే మనం ఆగాల్సింది తవ్విన చోట కాదు, తవ్విన చోట నిలిచిపోయిన బండ్ల తోక దగ్గర. ఒక లేన్ మూసేస్తే వంద బండ్లు ఆగాయనుకోండి, బండికి ఏడు మీటర్లు వేసుకున్నా రెండు వరసల్లో 350 మీటర్లు. పని దగ్గర్నుంచి 300 మీటర్ల ముందు మోగే అలర్ట్ మోగేసరికి నువ్వు ఆల్రెడీ ముందు బండి డిక్కీలో ఉంటావు. రోడ్డు పనుల దగ్గర ఎక్కువగా జరిగేవి ఇవే, వెనక నుంచి వచ్చి గుద్దడాలు. చనిపోయేది అక్కడ పని చేసే కూలీలే అనుకుంటాం గానీ అమెరికాలో 2022లో ఇలాంటి చోట్ల పోయిన 891 మందిలో ఎక్కువమంది బండ్లలో ఉన్నవాళ్లే, అక్కడ మామూలుగా చెప్పే లెక్క అయిదుగురిలో నలుగురు అని.

అంటే అలర్ట్ స్థిరంగా ఒక చోట ఉంటే పనికిరాదు, బండ్ల తోక వెనక్కి జరిగే కొద్దీ అదీ వెనక్కి జరగాలి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో దీన్ని మనుషులతో చేశారు. పని జరిగే చోటికి చాలా ముందుగా ఒక ట్రక్కుని రోడ్డు అంచున పెడతారు, పైన మెరిసే లైట్లు, వరస పెరిగితే అది కూడా వెనక్కి వస్తుంది, దాంతో పాటు ఆ ట్రక్కు నుంచి కార్లకీ ఫోన్లకీ డిజిటల్ అలర్ట్ కూడా పంపే ఏర్పాటు. అక్కడి పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు కార్ల నుంచి వచ్చే డేటా చూసి, ఆ ట్రక్కులు ఉన్నప్పుడు సడన్ బ్రేకులు దాదాపు 80 శాతం తగ్గాయని లెక్క తేల్చారు. నాకు ఇందులో నచ్చింది ఆ 80 కాదు. వాళ్లు కొలిచిందేంటో చూడండి, సడన్ బ్రేకు. అలర్ట్ పని చేసిందా లేదా అన్నదానికి సగటు స్పీడు ఎంత తగ్గిందన్నది ఒక్కటే చూస్తే అసలు సంగతి దొరకదు, డ్రైవర్ కాలు ఎంత ముందుగా లేచింది అన్నది చూడాలి. చివరి క్షణంలో తొక్కి 40కి వచ్చినవాడూ, అర కిలోమీటర్ ముందు నుంచే యాక్సిలరేటర్ వదులుతూ 40కి వచ్చినవాడూ డ్రమ్ము దగ్గర కొలిస్తే ఒకేలా కనపడతారు. వెనకవాడి ప్రాణానికి మాత్రం ఇద్దరూ ఒకటి కాదు.

స్పీడు సంగతీ చిన్నది కాదు లెండి. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదాల రిస్క్ 4 శాతం దాకా పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 71 శాతం దాకా ఓవర్ స్పీడ్ ఖాతాలోవే. ఇంకోపక్క తగ్గించినందుకు మనం పోగొట్టుకునేది ఎంతో చూడండి, రెండు కిలోమీటర్ల పనిని 80లో కాకుండా 40లో దాటితే పోయేది తొంభై సెకన్లు. టోల్ దగ్గర ఫాస్టాగ్ స్కాన్ కాక అంతకంటే ఎక్కువే నిలబడతాం.

మరి 40కి తగ్గమంటే మంచి డ్రైవర్లు కూడా ఎందుకు తగ్గరు? పొగరు అనుకుంటాం, చాలాసార్లు అది కాదు. గంటసేపు 90లో వచ్చిన కంటికి 60 అంటే బండి పాకుతున్నట్టే ఉంటుంది. ఏలూరు నుంచి వచ్చి రామవరప్పాడు రింగ్ దగ్గర ఊళ్లోకి దిగినప్పుడు గమనించండి, బాగా తగ్గించేశాం అనుకుని మీటర్ చూస్తే ఇంకా 65 ఉంటుంది. అందుకే "స్లో" అని చెప్పే అలర్ట్ కంటే అంకె చెప్పే అలర్ట్ మేలు, "40కి తగ్గించండి, మీరు 65లో ఉన్నారు" అంటే మనసు చెప్పే అబద్ధం అక్కడే దొరికిపోతుంది. రోడ్డు పక్కన రాడార్ పెట్టి మన స్పీడు మనకే పెద్ద అంకెల్లో చూపించే బోర్డులు పని చేసేది కూడా ఇందుకే. ఏం చేయాలో కూడా చెప్తే ఇంకా మంచిది, "ముందు కుడి లేన్ మూసేశారు, ఎడమకి రండి" అని తెలుగులో వినపడితే చెయ్యి వెంటనే ఇండికేటర్ మీదకి పోతుంది. ఉత్త బీప్ వినపడితే ముందు కళ్లు డ్యాష్‌బోర్డ్ మీదకి పోతాయి, ఏంటిది, బెల్టా, డోరా, స్పీడా అని వెతుక్కోవడానికి. 80లో రెండు సెకన్లు అటు చూస్తే 44 మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టే, అదీ చూడాల్సిన చోటే.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం, ఇక్కడ పని జరుగుతోందని కారుకి ఎవరు చెప్పాలి? మ్యాప్ యాప్‌లకి రెండు దార్లు ఉన్నాయి. ఫోన్లు నెమ్మదించడం చూసి ట్రాఫిక్ ఉందని పట్టుకోవడం ఒకటి, మనలాంటోళ్లు రిపోర్ట్ కొట్టడం ఇంకోటి. మొదటి దారి రాత్రి పదకొండింటికి పని చేయదు, రోడ్డు మీద బండ్లే లేనప్పుడు నెమ్మదించేది ఎవరు, మాకు ఆ రాత్రి మ్యాప్ ఏమీ చెప్పకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది. రెండో దానికి ఎవడో ఒకడు ముందు ఆ గోతి దాకా పోయి రావాలి. పైగా ఫోన్ జీపీఎస్ మామూలుగానే కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, మనం సర్వీస్ రోడ్డు మీదున్నామో మెయిన్ రోడ్డు మీదో, ఫ్లైఓవర్ పైనో కిందో దానికి గట్టిగా తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా అని గూగుల్ మ్యాప్స్ మన దేశంలో చెప్పడం మొదలెట్టిందే 2024లో. కింద పని జరుగుతుంటే పైన పోయేవాడికి అలర్ట్ వస్తే, వాడికి ఆ అలర్ట్ అబద్ధమే.

మ్యాప్‌కి తెలియకపోతే ఎంత దూరం పోతుందో 2024 నవంబర్‌లో యూపీలో చూశాం. బరేలీ దగ్గర రామగంగ మీద ఒక బ్రిడ్జి, అంతకుముందు వరదకి ఒక చివర కొట్టుకుపోయింది, మ్యాప్‌లో మాత్రం దారి బాగానే ఉంది, రోడ్డు మీద అడ్డం పెట్టినవాడూ లేడు. కారులో ముగ్గురు నదిలో పడి చనిపోయారు. యాప్‌ని తిట్టారు, నిజమే, కానీ బ్రిడ్జి తెగిందన్న సంగతి యాప్‌కి చెప్పాల్సిన మనిషి ఎవరన్నది ఎక్కడా రాసి లేదు. నా దృష్టిలో మొత్తం సమస్య ఇదే, టెక్నాలజీ లేక కాదు.

జర్మనీలో దీన్ని ఎలా విప్పారో తెలిశాక నాకు చాలా విషయాలు తేలికయ్యాయి. అక్కడ ఆటోబాన్ మీద లేన్ మూయడానికి పెద్ద బాణం గుర్తు ఉన్న ట్రెయిలర్ తెచ్చి పెడతారు కదా, ఆ ట్రెయిలర్‌లోనే రేడియో పెట్టేస్తున్నారు. పని కోసం దాన్ని నిలబెట్టినప్పుడు "నేను ఇక్కడున్నాను, ఈ లేన్ మూసి ఉంది" అని చుట్టుపక్కల బండ్లకి అదే చెప్తుంది. ఫోక్స్‌వాగన్ ఎనిమిదో తరం గోల్ఫ్ లాంటి కార్లు ఆ మాటని 800 మీటర్ల దాకా నేరుగా వింటాయి, మధ్యలో యాప్ లేదు, రిపోర్ట్ కొట్టేవాడు లేడు. పని జరిగితే ట్రెయిలరూ జరుగుతుంది, అలర్టూ దానితోనే జరుగుతుంది. పని అయిపోయి ట్రెయిలర్ వెళ్లిపోతే అలర్టూ పోతుంది. ఆ చివరి ముక్క చాలా ముఖ్యం. ఎందుకంటే అలర్ట్‌లని చంపేది అలర్ట్ రాకపోవడం కంటే, పని అయిపోయిన మూడు వారాల తర్వాత కూడా వస్తూ ఉండటం. చిన్నప్పుడు విన్న నాన్నా పులి కథే ఇది. రెండుసార్లు "ముందు రోడ్డు పనులు" అంటే కాలు తీసి చూసి ఏమీ లేకపోతే, మూడోసారి ఎవడూ కాలు తీయడు, ఆ మూడోసారే ఎర్ర గుడ్డ పట్టుకున్న కుర్రాడు అక్కడ ఉంటాడు.

మన దగ్గర రూల్స్ లేవా అంటే ఉన్నాయి. రోడ్డు పనుల దగ్గర ట్రాఫిక్ ఎలా నడపాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఒక పుస్తకమే వేసింది, ఎస్పీ 55 అంటారు ఇంజనీర్లు. ముందుగా హెచ్చరించే భాగం, లేన్ నెమ్మదిగా సన్నబడే భాగం, పని జరిగే భాగం, మళ్లీ మామూలు రోడ్డులో కలిసే భాగం అని విడగొట్టి ఏ బోర్డు ఎక్కడ పెట్టాలో చెప్తుంది. సేఫ్టీ ప్రమాణాలు పాటించని కాంట్రాక్టర్ వల్ల ప్రాణం పోతే లక్ష దాకా జరిమానా వేయొచ్చని 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ కూడా పెట్టారు. 2025 డిసెంబర్‌లో జాతీయ రహదారుల సంస్థ జియోతో ఒప్పందం చేసుకుంది, హైవే మీద పోయేవాళ్ల ఫోన్లకి ప్రమాదం ఎక్కువున్న చోట్లు, పశువులు తిరిగే చోట్లు, పొగమంచు, డైవర్షన్లు ముందుగా మెసేజ్‌లో, వాట్సాప్‌లో, కాల్‌లో చెప్పడానికి. మంచి అడుగే. కానీ ప్రమాదాలు ఎక్కువ జరిగే బ్లాక్ స్పాట్ ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది, పాత తారు చెక్కి తీసే మెషిన్ మాత్రం రోజుకో చోట ఉంటుంది. రెండోదాని గురించి అలర్ట్ నిజం కావాలంటే సైట్‌లో మొదటి కోన్ పెట్టే చెయ్యే ఫోన్‌లో కూడా నొక్కాలి, ఆఖరి కోన్ తీసే చెయ్యే దాన్ని తీసేయాలి. ఇది కాంట్రాక్ట్‌లో బిల్లుకి ముడిపెట్టి రాయాల్సిన సంగతి అని నా గట్టి నమ్మకం, జర్మనీ ట్రెయిలర్ దాకా పోకపోయినా మూడు వేల రూపాయల జీపీఎస్ డబ్బా ఒకటి బ్లింకర్ స్టాండ్‌కి కట్టినా చాలావరకు పనవుతుంది.

ఇంకొకటి మర్చిపోకూడదు, కారులో అలర్ట్ అంటే కారున్నవాడికే. 2022లో మన రోడ్ల మీద పోయినవాళ్లలో 44 శాతానికి పైగా టూ వీలర్ల మీద వెళ్లేవాళ్లు. వాళ్ల ఫోన్ జేబులో ఉంటుంది, హెల్మెట్ లోపలికి ఏ బీప్ వినపడదు. షేర్ ఆటోకి, మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి పోయే ట్రాక్టర్‌కి అసలు ఏమీ లేదు. లారీలకి 80 దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉంటుంది గానీ 40లో పోవాల్సిన చోట అది అడ్డు చెప్పదు. కాబట్టి అలర్ట్ విన్న కారు సడన్‌గా తగ్గి, వినని లారీ వెనకే వస్తుంటే ప్రమాదం పెరిగే అవకాశం కూడా ఉంది. అందుకే బ్లింకర్లు, కోన్లు, లేన్‌ని మెల్లగా సన్నం చేయడం ఇవేవీ యాప్ వచ్చింది కదా అని మానేసేవి కావు. ఫోన్‌లో విన్నదాన్ని వంద మీటర్ల తర్వాత కన్ను కూడా చూడాలి, అప్పుడే ఆ మాట మీద నమ్మకం కుదురుతుంది.

వారం తర్వాత పగటిపూట ఆ చోటికి మళ్లీ వెళ్లాను, సర్వీస్ రోడ్డులో బండి ఆపి. అదే కుర్రాడు, ఈసారి ఎవరో పచ్చ జాకెట్ ఇచ్చారు. "తమ్ముడూ, రాత్రిళ్లు బండి ఆగుద్దో లేదో నీకెట్లా తెలుసుద్ది?" అని అడిగా. "లైట్లు చూస్తానన్నా, బ్రేక్ కొడితే ముందు లైట్లు కిందకి వంగుతయ్. వంగకపోతే నేను దూకేస్తా" అన్నాడు. ఇంతకుముందు ఆ లైట్లు ఎక్కడికొచ్చాక వంగేవి అంటే డ్రమ్ము చూపించాడు. మేం అలా ఆపిన రాత్రే బావ మ్యాప్‌లో రోడ్డు పని అని రిపోర్ట్ కొట్టాడు, తర్వాత ఇంకెంతమంది కొట్టారో తెలీదు, రెండు రోజులకి సైట్ వాళ్లు కూడా డ్రమ్ము కంటే ముందే వచ్చే తూము దగ్గర ఒక బ్లింకర్ పెట్టారంట. ఇదేం స్టడీ కాదు, ఒక కుర్రాడి కంటి లెక్క. ఇప్పుడు కార్లు చాలావరకు తూము దగ్గరే లైట్లు వంచుతున్నాయంట. లారీలు మాత్రం ఇంకా డ్రమ్ము దాకా వస్తున్నాయి, అందుకే ఎత్తుగా రెండు లైట్లు కనపడితే చాలు, గుడ్డ ఊపుతూనే ముందే డివైడర్ ఎక్కి నిలబడతానన్నాడు.